తాబేలు కథ పక్కన తాబేలు నిజం

మూడో తరగతి పిల్లలతో ముందు తాబేలు, కుందేలు పందెం కథ చదివించండి. మర్నాడు మన శ్రీకాకుళం తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల గురించి ఎనిమిది వాక్యాలు మీరే రాసివ్వండి: రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గొయ్యి తవ్వుతుంది, దాదాపు 100 గుడ్లు పెడుతుంది, సుమారు 50 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. ఈ వరస మార్చొద్దు, కథతో ఇష్టం పుడితేనే కొత్త మాటలున్న సమాచారాన్నీ ఓపిగ్గా చదువుతారు.

అసలు పని తర్వాతే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఏది ఊహ, ఏది నిజం, ఏ వాక్యం చూసి చెప్పావు అని అడిగి, ఆ వాక్యం కింద గీత గీయించండి. సముద్రపు తాబేలు తలని డొప్పలోకి లాక్కోలేదని చదివినప్పుడు ఆ మొహాలు చూడాలి! భావనపాడు, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్ల వైపు బడులైతే చేపల వేటకెళ్లే తాతని అడిగి రెండు వాక్యాలు రాసుకురమ్మనండి.