ప్లగిన్ టేబుల్స్ కొలేషన్ మార్చబోతున్నారా? ముందు హెక్స్ చూడండి

ఈమధ్యే తెలిసినవాళ్ల వర్డ్‌ప్రెస్ సైట్ ఒకటి కొత్త సర్వర్‌కి మారింది. పోస్టులు, పేజీలు శుభ్రంగా వచ్చాయి. ఒక పాత ఫామ్ ప్లగిన్ టేబుల్లో మాత్రం జనం ఏళ్ల తరబడి తెలుగులో రాసి పంపినవన్నీ పిచ్చి అక్షరాలుగా కనిపించాయి. నిజానికి అప్పటికి పోయిందేమీ లేదు, లోపల బైట్లు చెక్కుచెదరలేదు. కానీ కంగారులో ఎవరో పీహెచ్‌పీమైఅడ్మిన్ (బ్రౌజర్‌లోనే డేటాబేస్ చూసి మార్చే పనిముట్టు) తెరిచి, ఆపరేషన్స్‌లో కొలేషన్‌ని (అక్షరాలను పోల్చే పద్ధతి, క్యారెక్టర్ సెట్ కూడా దానితోనే ముడిపడి ఉంటుంది) యూటీఎఫ్8ఎంబీ4కి (ఎమోజీలు సహా అన్ని లిపులూ పట్టే క్యారెక్టర్ సెట్) మార్చి, అన్ని టేబుళ్లకూ అన్ని కాలమ్స్‌కూ అని టిక్ పెట్టి గో నొక్కేశారు. అసలు నష్టం అక్కడ జరిగింది.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్‌కి 2023 అక్టోబరులోనే సపోర్ట్ ఆగిపోయింది, 8.0కి గడువు 2026 ఏప్రిల్. అందుకే హోస్టింగ్ వాళ్లు సర్వర్లు మారుస్తూనే ఉంటారు, ఇలాంటి ప్రమాదాలన్నీ ఆ సమయంలోనే జరుగుతాయి. బ్యాకప్ తీసుకోండి లాంటివి అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: కాలమ్‌లో నిజంగా ఏ బైట్లు ఉన్నాయో చూడకుండా కన్వర్ట్ చేయకండి.

ఎందుకంటే, 8.0కి ముందు సర్వర్ డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (ఏ అక్షరాన్ని ఏ బైట్లుగా దాచాలో చెప్పే పట్టిక) లాటిన్1, అంటే పశ్చిమ యూరప్ భాషల అక్షరాలకు చేసినది. ప్లగిన్ రాసినవాళ్లు టేబుల్ సృష్టించేటప్పుడు క్యారెక్టర్ సెట్ చెప్పకపోతే డేటాబేస్ డిఫాల్ట్ ఏదుంటే అదే వచ్చి కూర్చుంటుంది. ఆ ప్లగిన్ సొంతంగా డేటాబేస్ కనెక్షన్ తెరుచుకుని, దానికీ క్యారెక్టర్ సెట్ చెప్పకుండా వదిలేస్తే, కనెక్షన్ కూడా లాటిన్1 అవుతుంది. తెలుగు బైట్లు అటునుంచి ఇటు మార్పు లేకుండా వెళ్లి, తిరిగి అలాగే వస్తాయి కాబట్టి ఏళ్ల తరబడి సైట్‌లో తెలుగు చక్కగా కనబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కొత్త సర్వర్‌లో కనెక్షన్ డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4 అయ్యేసరికి బండారం బయటపడుతుంది. లాటిన్1 అని పేరు రాసిన డబ్బాలో యూటీఎఫ్8 సరుకు ఉందన్నమాట. మీరు కన్వర్ట్ అనగానే సర్వర్ ఆ పేరునే నమ్మి, ఒక్కో బైట్‌నీ ఒక్కో లాటిన్ అక్షరం అనుకుని మళ్లీ యూటీఎఫ్8లోకి మారుస్తుంది. ఒకసారి ఎన్‌కోడ్ అయిన డేటా రెండోసారి ఎన్‌కోడ్ అయిపోతుంది.

చూడటం కష్టమేమీ కాదు. ముందు షో ఫుల్ కాలమ్స్ అనే కమాండ్ ఇచ్చి కాలమ్ కొలేషన్ చూడండి, టేబుల్‌ది కాదు. తర్వాత తెలుగు ఉన్న ఒక వరుస తీసుకుని హెక్స్ ఫంక్షన్ (లోపలి బైట్లను ఉన్నవి ఉన్నట్టు కోడ్‌గా చూపేది) పెట్టండి. తెలుగు అక్షరం ఏదైనా యూటీఎఫ్8లో మూడు బైట్లు, మొదటి రెండూ ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అయి ఉంటాయి. 'అ' అయితే ఈ0 బీ0 85. ఈ బైట్లు కనబడి కాలమ్ యూటీఎఫ్8ఎంబీ4 అయితే అంతా బాగున్నట్టే. అవే బైట్లు ఉండి కాలమ్ లాటిన్1 అయితే డేటా బాగుంది, పేరే తప్పు. సీ3 ఏ0 సీ2 బీ0 అని మొదలైతే ఎవరో ఇప్పటికే రెండోసారి ఎన్‌కోడ్ చేసేశారు. ఈ స్థితిలో స్క్రీన్ మీద నెత్తిన గీత ఉన్న రోమన్ ఏ, పక్కనే డిగ్రీ గుర్తు, మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వరసగా 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్ ఉంటే అవి నిజమైన ప్రశ్నార్థకాలు, వాటి వెనక తెలుగు ఇక లేదు. బ్యాకప్ ఒక్కటే దిక్కు.

పేరు మాత్రమే తప్పైతే దారి ఇది: ఆ కాలమ్‌ని ముందు బ్లాబ్‌గా, లేదా వార్‌బైనరీగా (రెండూ ఉత్త బైట్లు దాచే బైనరీ రకాలు) మార్చండి, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4తో టెక్స్ట్‌గా, లేదా వార్‌చార్‌గా మార్చండి. బైనరీలోకి వెళ్లాక సర్వర్ ఏ మార్పిడీ చేయదు, బైట్లు అలాగే ఉండి పేరు ఒక్కటే మారుతుంది. ఇండెక్స్‌లు (వెతకడానికి వాడే సూచికలు) ఉంటే ముందే రాసిపెట్టుకోండి.

తప్పుగా కన్వర్ట్ అయిపోయినా వెంటనే గమనిస్తే వెనక్కి తేవచ్చు. కానీ ఎవరూ వెంటనే గమనించరు, ఈలోగా కొత్త ఎంట్రీలు సరైన ఎన్‌కోడింగ్‌తో వచ్చి పడతాయి. ఒకే కాలమ్‌లో రెండు రకాల డేటా చేరాక మొత్తాన్ని లాటిన్1కి తిప్పితే పాతవి బాగుపడతాయి గానీ కొత్తవి ప్రశ్నార్థకాలైపోవచ్చు. పైన చెప్పిన సైట్ విషయంలో చివరికి ఒక్కో వరుసా హెక్స్ చూసి విడదీయాల్సి వచ్చింది. అందుకే మళ్లీ చెబుతున్నా, హెక్స్ చూడకుండా కన్వర్ట్ నొక్కకండి.

ఇక మిగతావి.

మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అంటే మూడు బైట్లదే. తెలుగు పడుతుంది, ఎమోజీ పట్టదు. తెలుగు వచ్చింది కదా అని టెస్ట్ ముగించకండి, ఒక ఎమోజీ కూడా పెట్టి చూడండి. అలాంటి టేబుల్‌కి వర్డ్‌ప్రెస్ ఇన్సర్ట్ ఫంక్షన్ ఎమోజీ చూడగానే ఫాల్స్ (పని జరగలేదని) ఇచ్చి ఊరుకుంటుంది. ప్లగిన్ అది పట్టించుకోకపోతే పంపినవాళ్లకు ధన్యవాదాలు అని కనిపిస్తుంది, టేబుల్లో ఏమీ ఉండదు.

టేబుల్ డిఫాల్ట్ మారిస్తే పాత కాలమ్స్ మారవు. మారాయని అనుకోకండి.

కొలేషన్ మారిస్తే యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండుసార్లు రానివ్వనిది) అడ్డం తిరగవచ్చు, పాత కొలేషన్‌లో వేరువేరైన రెండు విలువలు కొత్తదానిలో ఒకటే కావచ్చు. 1062 (డూప్లికేట్) ఎర్రర్ వస్తే కంగారుపడి ఇండెక్స్ తీసేయకండి, ఆ రెండు వరుసలూ ఏమిటో చూడండి.

పాత రో ఫార్మాట్‌లో (వరుసలను దాచే తీరు) ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్) ఇండెక్స్ పరిమితి 767 బైట్లు. నాలుగు బైట్ల లెక్కన 191 అక్షరాలే. కాలమ్ పొడవు తగ్గించకండి, ఇండెక్స్‌లో ప్రిఫిక్స్ తగ్గించండి, లేదా రో ఫార్మాట్ డైనమిక్ చేయండి.

ప్లగిన్ టేబుల్ కొలేషన్, వర్డ్‌ప్రెస్ సొంత టేబుళ్ల కొలేషన్ ఒకటే ఉంచండి. లేకపోతే ఏదో ఒక జాయిన్‌లో (రెండు టేబుళ్లను కలిపి అడిగేటప్పుడు) 1267 ఎర్రర్, అంటే కొలేషన్లు కలవలేదని, వస్తుంది.

యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అనే కొలేషన్ మైఎస్‌క్యూఎల్ 8.0తో వచ్చింది, 5.7కి తెలియదు. సైట్‌ని వెనక్కి తేవాల్సి రావచ్చనుకుంటే దాని జోలికి పోకండి.

సీరియలైజ్ చేసిన (ఒకే టెక్స్ట్‌గా మూటగట్టి దాచిన) సెట్టింగ్స్ మీద ఫైండ్ రీప్లేస్ వద్దు. అందులో పొడవు బైట్లలో రాసి ఉంటుంది, ఒక్క బైట్ తేడా వచ్చినా సెట్టింగ్ మొత్తం చదవలేకుండా పోతుంది.

డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైల్‌గా) తీసేటప్పుడు డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పండి. 5.7 దాకా అది చెప్పకపోతే ఎమోజీలు పోతాయి.

లైవ్‌లో చేయకండి. కాపీలో చేయండి. కాపీలో బాగుంటే మెయింటెనెన్స్ పెట్టి, ఫామ్‌లు ఆపి, అప్పుడు లైవ్.

ఒక్కో టేబుల్‌నే చేయండి. అన్నీ ఒకేసారి అనే టిక్ ముట్టుకోకండి.

ప్లగిన్ రాసేవాళ్లూ, టేబుల్ సృష్టించేటప్పుడు డబ్ల్యూపీడీబీలోని (వర్డ్‌ప్రెస్ డేటాబేస్ క్లాస్) గెట్ చార్‌సెట్ కొలేట్ ఫంక్షన్ వాడండి. కనెక్షన్ సొంతంగా తెరవకండి.

పాత బ్యాకప్‌ల ఆటోమేటిక్ డిలీట్ ఈ పని ముగిసేదాకా ఆపండి.

కన్వర్ట్‌కి ముందు హెక్స్. కన్వర్ట్ తర్వాత, అదే వరుస మీద మళ్లీ హెక్స్. రెండూ ఒకేలా లేకపోతే ఫామ్‌లు తెరవకండి.