వాల్వు మార్పించుకున్నాక ఎకో ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి

మా అమ్మకు గుండెలో ఎడమవైపు పైగదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు మార్చింది బెంగళూరులో, మేముండేది తాడిపత్రిలో, చెకప్‌లన్నీ అనంతపురంలో. మన జిల్లాలో చాలామందిది ఇదే పరిస్థితి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఒకరు, తర్వాత ఎకో, అంటే శబ్ద తరంగాలతో గుండెను చూసే స్కాన్, తీసేవాళ్లు ఇంకొకరు కాబట్టి ఆ ఇద్దరి మధ్య కాగితాలు మోసే బాధ్యత పూర్తిగా మనదే.

అన్నిటికన్నా ముఖ్యం మొదటి ఎకో. డిశ్చార్జి చేసేటప్పుడు తీసినది సరిపోదు, గాయం మాని మనిషి తేరుకున్నాక, ఆపరేషనైన నెలన్నర నుంచి 3 నెలల లోపు ఒకటి తీయించాలి. పెట్టిన వాల్వు ఎంత మంచిదైనా పుట్టుకతో వచ్చిన వాల్వంత వెడల్పుగా తెరుచుకోదు, అందుకే దాని ముందూ వెనకా రక్తం ఒత్తిడిలో కొంత తేడా ఉంటుంది, రిపోర్టులో మీన్ గ్రేడియంట్ అని రాసేది దాన్నే. మీ వాల్వుకు ఎంత ఉంటే మామూలో ఆ మొదటి రిపోర్టే చెప్తుంది. ఇకమీదట ఏ ఎకో తీసినా దానితోనే పోల్చి చూడాలి.

మాకిది అనుభవమే. రెండేళ్ల కిందట ఒక స్కానింగ్ సెంటర్లో లిఫ్టు పనిచేయక అమ్మ మూడంతస్తులు ఎక్కింది, ఆయాసం తగ్గకముందే పడుకోబెట్టి ఎకో తీశారు. గ్రేడియంట్ 9. పాత రిపోర్టులో 4. వాల్వు మూసుకుపోతోందేమోనని ఆ గంటసేపు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే పాతదాంట్లో గుండె వేగం 72, కొత్తదాంట్లో 110. గుండె వేగంగా కొట్టుకుంటే మైట్రల్ వాల్వు గ్రేడియంట్ పెరుగుతుందట. అరగంట కూర్చోబెట్టి మళ్లీ తీయిస్తే 5 వచ్చింది. అందుకే ఎకోకు ముందు కాసేపు కూర్చోండి, రిపోర్టులో గుండె వేగం, బీపీ, వాల్వు రకం, సైజు రాయమని అడగండి. బొమ్మలు వేసిచ్చే ఆ నున్నటి కాగితం మన ఎండలకు వెలిసిపోతుంది, ఇంటికి రాగానే ఫోన్లో ఫోటో తీసుకోండి. పెట్టిన వాల్వు వివరాలు రాసి ఆసుపత్రి ఇచ్చే వాల్వు కార్డుకు కూడా.

ఎన్నేళ్లకోసారి అంటే, మొదటి ఎకో బాగుండి ఏ ఇబ్బందీ లేకపోతే మెకానికల్ వాల్వుకు, అంటే లోహం, కార్బన్ లాంటివాటితో చేసినదానికి, ఏటా ఎకో అక్కర్లేదు, డాక్టరు మాత్రం ఏడాదికోసారైనా చూడాలి, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఎలాగూ తప్పదు. జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వు కాలం గడిచేకొద్దీ అరుగుతుంది కాబట్టి 5వ ఏడు, 10వ ఏడు, ఆ తర్వాత ఏటా అని 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్తాయి. యూరప్ డాక్టర్లు మొదటి నుంచే ఏటా అంటారు. మీ డాక్టరు ఏటా రమ్మంటే వెళ్లండి. ఛాతీ కోయకుండా తొడ దగ్గర రక్తనాళం నుంచి పంపి పెట్టిన వాల్వుకైతే ఏటా తప్పదు.

ఛాతీ మీద నుంచి తీసే ఎకోలో మెటల్ వెనక నీడ పడుతుంది, మైట్రల్ వాల్వుకు పైగది వైపు గడ్డ ఉన్నా సరిగా కనిపించదు. అనుమానమొస్తే గొంతులోంచి గొట్టం పంపి తీసే ఎకో రాస్తారు. భయపడకండి. 6 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, కట్టుడు పళ్లు తీసేయాలి, మింగడం కష్టమైతే ముందే చెప్పాలి. రక్తం పలచన చేసే మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. మెకానికల్ వాల్వు రెక్కలు తెరుచుకుంటున్నాయో లేదో ఫ్లోరోస్కోపీలో, అంటే కదిలే ఎక్స్‌రేలో, సూది లేకుండానే కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది. అడ్డుపడింది రక్తం గడ్డా, పెరిగిన కండా అని తేల్చడానికి సీటీ పనికొస్తుంది. ఎమ్మారై చేయమని వెనక్కి పంపితే వాల్వు కార్డు చూపించండి, దాదాపు అన్ని వాల్వులకూ చేయొచ్చు.

మెకానికల్ వాల్వు టిక్ టిక్ శబ్దం మందగించినా, పడుకుంటే ఆయాసమొచ్చినా, మాట తడబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి పోండి. జ్వరమొస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకోకముందే వాల్వు ఉన్న సంగతి చెప్పి రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రక్తం ఇవ్వండి, మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు.