పాత బోటు ఇంజను మనమే చూసుకుందాం – 4వ పాఠం: ప్లగ్గు మీద ఆయిల్ ఎక్కడిది?

పోయిన పాఠంలో నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఏ సిలిండర్‌ది ఏదో రాసి, అట్టముక్కకి వరసగా గుచ్చి పెట్టుకున్నాం. ఈ పాఠంలో ముందు పని వాటిని చూడటమే. మన ఇంజను అదే, అమెరికా సరస్సుల్లో సెకండ్‌హ్యాండ్ బోట్లు కొన్నవాళ్లకి ఎక్కువగా దొరికే 3.0 లీటర్ల మెర్‌క్రూజర్. జనరల్ మోటార్స్ ఇంజనునే పడవకి మలిచారు. పెట్రోలుది, వరసగా నాలుగు సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్. టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే ఇంజను) ఉన్నవాళ్లకి ఈ పాఠం వర్తించదు. వాటిలో ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి వెళ్తుంది కాబట్టి ప్లగ్గు కాస్త తడిగా ఉండటం మామూలే.

ప్లగ్గు మీద ఆయిల్ చూడగానే “రింగులు (పిస్టన్ చుట్టూ ఉండేవి) పోయాయి, ఇంజను దింపాల్సిందే” అనేస్తారు చాలామంది. వేల డాలర్ల మాట అది. అంత తేలిగ్గా ఒప్పుకోవద్దు.

ముందు అది ఆయిలేనా అని చూడండి. ప్లగ్గు కొనని తెల్ల కాగితానికి అద్దండి. పెట్రోలైతే వాసన కొట్టి కాసేపటికి ఆరిపోతుంది. పొడి మసి అయితే పొడిలా రాలుతుంది, అది కార్బురేటర్ పెట్రోలు ఎక్కువ పంపుతోందనడానికి గుర్తు. ఆయిలైతే మరక ఆరదు, కాగితం ఆ మేర జిడ్డుగా, అవతలి వెలుతురు కనిపించేలా అవుతుంది.

తర్వాత అది ఎక్కడ ఉందో చూడాలి. పింగాణీ మీద, స్పానర్ పట్టే చోట మాత్రమే ఉండి కొన పొడిగా ఉంటే ఇంజను లోపల ఏ జబ్బూ లేదు. ఇంజను పైనున్న వాల్వ్ కవర్ (వాల్వుల మీది మూత) గ్యాస్కెట్ కారి, ఆ ఆయిల్ సిలిండర్ హెడ్ మీదుగా జారింది, అంతే. థ్రెడ్ల మీది ఆయిల్ కూడా చాలాసార్లు విప్పేటప్పుడు బయటి నుంచి దిగిందే. గ్యాస్కెట్ మార్చండి, కానీ బోల్టులు బలంగా బిగించొద్దు. ఆ కవరు పల్చటి రేకు. అంచు వంగితే కొత్త గ్యాస్కెట్ కూడా కారుతుంది.

కొన మీదే ఆయిల్ ఉంటే ఇంకో ప్రశ్న: చలికాలం తర్వాత ఇదే మొదటిసారి విప్పడమా? చలికాలానికి బోటు మూసేటప్పుడు తుప్పు పట్టకుండా సిలిండర్లలోకి ఫాగింగ్ ఆయిల్ కొడతారు. వసంతంలో నాలుగు ప్లగ్గులూ తడిగా రావడం, మొదటిసారి స్టార్ట్ చేస్తే పొగ రావడం దానివల్లే. ప్లగ్గులు తుడిచి పెట్టి, ఒక పూట సరస్సులో తిప్పి మళ్లీ చూడండి. ఈ ఒక్క సంగతి తెలియక మంచి ఇంజనుని విప్పించుకుంటే చాలా బాధగా ఉంటుంది.

అప్పటికీ నాలుగూ తడిగానే ఉంటే తప్పు అందరికీ ఉమ్మడిగా ఉన్నచోట వెతకాలి. ఆయిల్ ఎక్కువ పోశారేమో చూడండి. ట్రైలర్ వాలుగా ఉంటే డిప్‌స్టిక్ సరైన లెక్క చూపదు. ఫ్లేమ్ అరెస్టర్ (కార్బురేటర్ మీద మంట బయటికి రాకుండా ఆపే జాలీ) దగ్గరికి ఇంజను లోపలి ఆవిర్లని తెచ్చే గొట్టం ఆయిల్‌తో తడిసి ఉందేమో, మూసుకుపోయిందేమో చూడండి. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజను చల్లగా నడిచి ప్లగ్గులు మురికవుతాయి. సరస్సు నీటితోనే నేరుగా చల్లబడే ఇంజన్లలో థర్మోస్టాట్ మామూలుగానే 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరుంటుంది. కారుతో పోలిస్తే అది తక్కువే.

ఒకటో రెండో మాత్రమే తడిస్తే కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) తీయాలి. ముందు జాగ్రత్త: పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, ఇంజను గదిలో అడుగున చేరుతుంది. ఆ గదిలోని గాలిని బయటికి తోసే బ్లోయర్ 4 నిమిషాలు నడిపి, వంగి వాసన చూడండి. ఇంజను వేడెక్కించాక, కొలవడం మొదలుపెట్టే ముందు, స్పార్క్‌కి కరెంటిచ్చే కాయిల్‌కి వచ్చే 12 వోల్టుల వైరు తీసేయండి. ప్లగ్గు రంధ్రాలు తెరిచి ఉన్నప్పుడు స్పార్క్ రాకూడదు, ఇందులో రాజీ లేదు. ఇంజను వేడెక్కించేటప్పుడు నీళ్ల గొట్టం పెట్టకుండా అసలు నడపొద్దు, నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ పాడైపోతుంది.

థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్‌ని కొలిచి రాసుకోండి. అన్నిటికన్నా తక్కువది, ఎక్కువదానిలో 75 శాతానికి దిగకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులో సిలిండర్ గోడో అరిగింది. పెరగకపోతే వాల్వ్, లేదా హెడ్ గ్యాస్కెట్.

అసలు చిక్కు కంప్రెషన్ బాగుండి కూడా ప్లగ్గు తడిసినప్పుడే. ఎక్కువగా అది వాల్వ్ స్టెమ్ సీళ్ల (వాల్వు కాడ చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు ముక్కల) పని. ముప్పై ఏళ్ల రబ్బరు గట్టిపడి, ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా కిందికి దిగుతుంది. అయితే పిస్టన్ మీది రింగుల్లో అడుగున ఉండే ఆయిల్ రింగు మసిపట్టి బిగుసుకున్నా గేజ్ బాగానే చూపుతుంది, ఎందుకంటే గాలిని ఆపేవి పై రెండు రింగులు. రెండింటినీ వేరుచేసేది పొగ. రాత్రంతా ఆగిన ఇంజను స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి తగ్గిపోతే సీళ్లు. బరువు లాగుతున్నంతసేపూ వస్తే రింగులు. బోటులో ఎగ్జాస్ట్ ప్రొపెల్లర్ గుండా నీళ్లలోకి పోతుంది కాబట్టి నీళ్లలో ఉండగా పొగ సరిగా కనిపించదు. స్టార్ట్ చేయగానే పొగ చూసే పరీక్ష ట్రైలర్ మీదే, గొట్టంతో నీళ్లు పెట్టి, పొద్దున్నే చేయండి.

సీళ్లే అయితే హెడ్ విప్పనక్కర్లేదు. పిస్టన్ కాస్త కిందున్నప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు కూరి, చేత్తో పిస్టన్‌ని పైకి తిప్పితే ఆ తాడు వాల్వులు కిందికి జారకుండా పట్టుకుంటుంది. అప్పుడు స్ప్రింగు తీసి సీలు మార్చొచ్చు. తాడు చివర బయటే ఉండాలి.

వీ-8 ఇంజను ఉన్నవాళ్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్‌ని కూడా అనుమానించాలి. దాని అడుగున చీలిక వస్తే లిఫ్టర్లు (వాల్వుల్ని కదిలించే ముక్కలు) ఉన్న చోటి నుంచి ఆయిల్‌ని లాగేస్తుంది. మన నాలుగు సిలిండర్ల ఇంజనులో మానిఫోల్డ్ పక్కన ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం ఈ పరీక్షలన్నీ ఆపేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా ఉంచండి. లోపలికి నీళ్లు వచ్చాయి. 5వ పాఠం దాని గురించే. మిగతావాళ్లు ఆ పాఠం వచ్చేలోపు, పొడిగా కొలిచిన నాలుగు సిలిండర్ల అంకెలూ, ఆయిల్ పోసి మళ్లీ కొలిచినవాటి అంకెలూ మీ నోటు పుస్తకంలో రాసి ఉంచుకోండి. వాటితోనే మొదలుపెడతాం.