ఏప్రిల్, మే నెలల్లో తాహో స్కీయింగ్: ఏ టైంకి, ఏ వాలు మీద

2024 మే 5న కాలిఫోర్నియాలో తాహో సరస్సుకి దగ్గర్లో ఉన్న డోనర్ పాస్ అనే కనుమ దగ్గర, బర్కిలీ యూనివర్సిటీ వాళ్ళ స్నో ల్యాబ్‌లో కొలిస్తే 24 గంటల్లో 26 అంగుళాల పైన కొత్త మంచు పడింది. ఆ సీజన్ మొత్తంలో ఒక్కరోజులో ఎక్కువ మంచు పడింది ఆ రోజే. జనవరిలో కాదు, ఫిబ్రవరిలో కాదు, మన ఊళ్ళో ఆవకాయ ముక్కలు కొట్టించుకునే రోజుల్లో అన్నమాట. కానీ బే ఏరియాలో మనవాళ్ళు చాలామంది మార్చి సగం అయ్యేసరికి స్కీ బట్టలు ఉతికేసి గరాజ్‌లో పెట్టేస్తారు, ఇంక అయిపోయింది మళ్ళీ డిసెంబర్‌లో చూద్దాం అంటారు. నాకైతే అది చూస్తే నిజంగా బాధేస్తుంది ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, పిల్లలకి, చలికి తట్టుకోలేని అమ్మానాన్నలకి ఏడాదిలో మంచి రోజులు అప్పుడే మొదలవుతాయి.

ఒక్కటి మాత్రం ముందే మనసులో పెట్టుకోండి, చలికాలంలో పొద్దున వెళ్ళినా మధ్యాహ్నం వెళ్ళినా మంచు ఇంచుమించు ఒకేలా ఉంటుంది, వసంతంలో అలా కాదు, అదే కొండ అదే రన్ (స్కీ చేసే దారి) పొద్దున 8:30కి గాజు పలకలా ఉంటుంది, 10:30కి వెన్నలా ఉంటుంది, 2 గంటలకి దమ్ము చేసిన మడిలో కాలు పెట్టినట్టు ఉంటుంది. కాబట్టి ఈ సీజన్‌లో స్కీయింగ్ రావడం సగం అయితే టైం పట్టుకోవడం ఇంకో సగం.

డిసెంబర్ చివర్లో తాహోలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 28 డిగ్రీల ఎత్తు దాటడు, ఏప్రిల్ మూడో వారానికి 62 డిగ్రీలకి వస్తాడు, అంటే దాదాపు నెత్తి మీదకి వచ్చినట్టే. ఆ ఎండకి పగలు పై పొర కరుగుతుంది, రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. ఇలా నాలుగైదు రోజులు వరసగా జరిగితే సన్న రేణువులు ముందు కరిగిపోయి పెద్దవి ఇంకా పెద్దవై గుండ్రంగా తయారవుతాయి. దీన్ని ఇక్కడ కార్న్ స్నో అంటారు. చేతిలోకి తీసుకుని చూడండి, అచ్చం మన కల్లుప్పులా ఉంటుంది, వేళ్ళ మధ్య రాస్తే విడివిడిగా జారిపోతుంది. దాని మీద స్కీ తిప్పితే ఎంత తేలిగ్గా తిరుగుతుందంటే నిన్నటిదాకా టర్న్ తిప్పడానికి భయపడ్డవాళ్ళు కూడా ఆ ఒక్క గంటలో ధైర్యం తెచ్చుకుంటారు.

ముందురోజు రాత్రి చేయాల్సిన పని వాతావరణం చూడటం, అది కూడా పగటి టెంపరేచర్ కాదు రాత్రిది. 32 ఫారెన్‌హీట్ కిందకి వెళ్తుందా లేదా, అంతకన్నా ముఖ్యంగా ఆకాశంలో మబ్బు ఉంటుందా లేదా. వేసవిలో డాబా మీద పడుకున్న వాళ్ళకి ఇది తెలిసిందే, మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోత, చుక్కలు కనిపించే రాత్రి తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలి. మంచుకి కూడా అంతే, ఆకాశం తేటగా ఉంటే లోపలి వేడి పైకి పోతుంది, గాలి టెంపరేచర్ 35, 36 ఉన్నా పై పొర గట్టిపడుతుంది. మబ్బు కప్పేస్తే గడ్డకట్టదు, అలాంటి రాత్రి తర్వాత పొద్దున్నే లిఫ్ట్ దగ్గరికి వెళ్ళినా మంచు ముద్దగానే ఉంటుంది, ఆ రోజు ఇంక బాగుపడదు, నేనైతే ఆ రోజుల్లో వెళ్ళను.

రాత్రి గట్టిగా గడ్డకట్టింది అనుకుంటే పొద్దున తొందరపడొద్దు. 9కి ముందు స్కీల కింద గరగరమని శబ్దం వస్తుంది, స్కీ అంచు మంచుని పట్టదు, కింద పడితే మోచేయి వాస్తుంది. ఆ టైంలో కాఫీ తాగండి, బూట్లు సరిగ్గా బిగించుకోండి. తర్వాత రన్ పక్కన నిలబడి చేతిలో ఉండే స్కీ కర్ర, అదే పోల్‌తో గుచ్చి చూడండి, టక్ మని ఆగిపోతే ఇంకా టైం ఉంది, అంగుళం అంగుళంన్నర మెత్తగా దిగి కింద గట్టి పొర తగిలిందా, అదే మీ టైం, వెళ్ళిపోండి. గుప్పెడు మంచు తీసుకుని పిండితే చెయ్యి తడవాలి కానీ నీళ్ళు కారకూడదు. నీళ్ళు కారుతున్నాయంటే ఆ వాలు మీద ఆట అయిపోయినట్టే, ఇంకో వాలు వెతుక్కోవాలి.

ఎండ ముందు తగిలేది తూర్పు వాలుకి, కాబట్టి అది ముందు మెత్తబడుతుంది. ఏప్రిల్ మధ్యలో మామూలు ఎండ రోజు అయితే 9:30 నుంచి తూర్పు వైపు రన్‌లు, 10:30 దాటాక దక్షిణం, పన్నెండు నుంచి పడమర, ఇలా సూర్యుడి వెంట తిరగాలి. ఉత్తరం వాలులు నీడలో ఉంటాయి కాబట్టి అక్కడ మే దాకా కూడా చలికాలపు మంచు దొరుకుతుంది, మధ్యాహ్నం అన్నీ ముద్దయిపోయినప్పుడు పైన ఉత్తరం వైపుకి వెళ్ళండి. రిసార్ట్ మ్యాపుల్లో చాలాసార్లు ఉత్తరం పైన ఉండదు, కొండ ఎలా కనిపిస్తే అలా గీస్తారు, కాబట్టి ఫోన్‌లో కంపాస్ ఒకసారి తెరిచి చూసుకోండి.

ఎత్తు కూడా చూసుకోవాలి. తాహోలో పాలిసేడ్స్ రిసార్ట్ బేస్, అంటే కొండ అడుగున లిఫ్టులు మొదలయ్యే చోటు, 6,200 అడుగులు, అక్కడ కింద మే నెలలో బురద, మట్టి కనిపిస్తుంటే అక్కడే ఉన్న మౌంట్ రోజ్ రిసార్ట్ బేసే 8,260 అడుగులు, కిర్క్‌వుడ్ 7,800. తాహో వదిలేసి ఇంకా దక్షిణంగా మామత్ రిసార్ట్‌కి వెళ్తే పై కొన 11,053 అడుగులు. 2022-23లో స్నో ల్యాబ్ దగ్గర 754 అంగుళాలు పడింది, అక్కడ వాళ్ళ లెక్కల్లో 1951-52లో పడిన 812 అంగుళాల తర్వాత అదే ఎక్కువ, ఆ ఏడు పాలిసేడ్స్ జులై 4 దాకా, మామత్ ఆగస్టు 6 దాకా నడిచాయి. అన్ని ఏళ్ళూ అలా ఉండవు, ఏ రిసార్ట్ ఎప్పుడు మూస్తుందో వాళ్ళ సైట్లో చూశాకే హోటల్ బుక్ చేసుకోండి.

ఇప్పుడు ఆలస్యంగా పడే కొత్త మంచు సంగతి. పసిఫిక్ మీదుగా వచ్చే మేఘాల్లో తేమ ఎక్కువ, అందుకే సియెర్రాలో, అంటే తాహో ఉన్న ఈ కొండల వరసలో, మంచు ఎప్పుడూ కొంచెం బరువే, సియెర్రా సిమెంట్ అని పేరు కూడా ఉంది, ఏప్రిల్‌లో ఇంకా బరువు. ఫోర్‌కాస్ట్‌లో ఎన్ని అంగుళాలు అని చూసే ముందు స్నో లెవెల్ చూడండి, అంటే ఏ ఎత్తు దాటాక వాన కాస్తా మంచుగా పడుతుంది అని. స్నో లెవెల్ 7,500 అడుగులు అన్నారంటే పాలిసేడ్స్ కింద వాన, పైన మంచు. తుఫాను ఆగిన మొదటి రోజు పొద్దున్నే వెళ్తే పౌడర్, అంటే పొడిలాంటి తాజా మంచు దొరుకుతుంది, కానీ ఎండ వచ్చిందంటే రెండు గంటల్లో జిగురు పట్టేస్తుంది, కాబట్టి ఆ ఒక్కరోజు మాత్రం లిఫ్ట్ తెరిచేసరికి లైన్‌లో ఉండండి. రెండో రోజు పైన పెళుసు పొర, కింద మెత్తన, కాళ్ళకి అన్నిటికన్నా కష్టమైన రోజు అదే, కొత్తవాళ్ళు ఆ రోజు యంత్రంతో చదును చేసిన (గ్రూమింగ్) రన్‌లు వదిలి బయటికి పోవద్దు. తర్వాత మూడు నాలుగు పగళ్ళు రాత్రుళ్ళు గడిస్తే ఆ మంచే మళ్ళీ కల్లుప్పు అవుతుంది.

ఎండలో ఉన్న నిటారు వాలు మీద నుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతట అవే దొర్లుతూ దిగుతుంటే, దొర్లుతూ లడ్డూ సైజు నుంచి బండి చక్రంలా పెరుగుతుంటే, ఆ వాలు కింద నిలబడొద్దు, అది తడి మంచు జారబోతోందని చెప్పే గుర్తు. రిసార్ట్ లోపల భద్రత చూసే స్కీ ప్యాట్రోల్ వాళ్ళు చూసుకుంటారు, తాడు కట్టి మూసేశారంటే కారణం ఉంటుంది, ఎంత బాగున్నట్టు కనిపించినా దాటొద్దు. రిసార్ట్ బయట కొండల్లోకి వెళ్ళేవాళ్ళకి వేరే ట్రైనింగ్ కావాలి, అది ఇక్కడ చెప్పి వదిలేసేంత చిన్న విషయం కాదు.

మూడేళ్ళ క్రితం మా తమ్ముడితో వెళ్ళినప్పుడు రెండున్నర అయింది, వాడు ఒరేయ్ అన్నయ్యా ఇంకొక్కటే రా అన్నాడు, నేను సరే అన్నాను. నీడలోంచి ఎండలోకి వచ్చే చోట మంచు రంగు మారుతుంది, తెలుపు కాస్తా కొంచెం బూడిదరంగులోకి తిరుగుతుంది, అక్కడ వాడి స్కీలు ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు ఆగిపోయాయి, ఒళ్ళు మాత్రం ముందుకి వెళ్ళింది. మోకాలు తిరిగింది, ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు. అప్పుడే సరే అనకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే చెప్తున్నా, నీడలోంచి ఎండలోకి వచ్చేముందు వేగం తగ్గించుకోండి, కాళ్ళు అలసిపోయాక ఇంకొక్కటి అనే మాట రానివ్వకండి, ఒంటిగంటన్నరకల్లా ముగించండి.

ఆ పట్టేసే గుణం తగ్గాలంటే వ్యాక్స్ ఉండాలి. తడి మంచులో స్కీ అడుగుకి, మంచుకి మధ్య నీళ్ళు చేరి పీల్చినట్టు పట్టుకుంటాయి, వెచ్చటి టెంపరేచర్‌కని అమ్మే వ్యాక్స్ ఉంటుంది, ఎక్కువగా పసుపు రంగులో, షాపులో అడిగి వేయించుకోండి. ఇంటి దగ్గర వేయించినా సరే, జేబులో రుద్దుకునే వ్యాక్స్ ముక్క ఒకటి పెట్టుకోండి, మధ్యాహ్నం ఒకసారి రుద్దాల్సి వస్తుంది. మే నెలలో పైన్ చెట్ల పుప్పొడి మంచు మీద పసుపుగా పేరుకుంటుంది, అది అడుగుకి అంటుకుని జిగురవుతుంది, సాయంత్రం గుడ్డతో తుడిచేయండి. కొత్త స్కీలు ఉంటే ఇప్పుడు తీయకండి, రాళ్ళు తేలే రోజులు ఇవి, రెంట్‌కి తీసుకోవడమే మేలు.

ఎండ గురించి మనవాళ్ళు అస్సలు పట్టించుకోరు, మనం ఎండలో పుట్టి పెరిగినవాళ్ళం మనకేం అవుతుంది అనుకుంటారు. కొత్త మంచు ఎండలో ఎనభై శాతం పైనే తిరిగి మన మీదకే కొడుతుంది, అంటే పైనుంచి ఒక ఎండ కింద నుంచి ఒక ఎండ. గడ్డం కింద, ముక్కు అడుగున, చెవుల వెనక కూడా సన్‌స్క్రీన్ రాయాలి, రెండు గంటలకోసారి మళ్ళీ. గాగుల్స్ తీసి ఫొటోలు దిగుతూ గంటలు ఉండొద్దు, ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతాయి, పిల్లలకి ఇంకా తొందరగా. బట్టలు మూడు పొరలు, కాటన్ వద్దు, తడిస్తే ఆరదు. చేతి గ్లవ్స్ రెండు జతలు, పదకొండుకల్లా మొదటివి తడిసిపోతాయి. మేమైతే పులిహోర డబ్బాలో పెట్టుకుపోతాం, పొద్దున కలిపింది మధ్యాహ్నం పార్కింగ్‌లో కారు డిక్కీ మీద కూర్చుని తింటే కడుపు నిండుతుంది, కాళ్ళకి రెస్ట్ దొరుకుతుంది.

చివరగా రోడ్డు. మే నెల కదా అని టైర్లకి వేసే చైన్లు ఇంట్లో వదలొద్దు, డోనర్ సమ్మిట్ దగ్గర ఐ-80 హైవే ఏడు వేల అడుగుల పైన ఉంటుంది, తుఫాను వస్తే నెల ఏదైనా చైన్ కంట్రోల్, అంటే చైన్ల నిబంధన, పెడతారు. అందులో ఆర్-2 అంటే నాలుగు చక్రాలకీ స్నో టైర్లు ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి చైన్లు వేయక్కర్లేదు, కానీ కారులో ఉండాలి, మిగతావాళ్ళు వేసుకోవాల్సిందే, ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. బయల్దేరే ముందు కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్, క్విక్‌మ్యాప్ చూడండి. తిరిగొచ్చేటప్పుడు పొద్దుగుంకక ముందే సమ్మిట్ దాటేయండి, పగలు రోడ్డు పక్క మంచు కరిగి పారిన నీళ్ళు చీకటి పడ్డాక వంపుల్లో సన్నటి గాజులా గడ్డకడతాయి, హెడ్‌లైట్లో తడి రోడ్డులాగే కనిపిస్తుంది.