కయాక్ అడుగుకు ఎంత నునుపు చాలు: కృష్ణలో తిప్పేవాళ్లకు

గోల్ఫ్ బంతికి గుంటలుంటే దూరం పోతుంది కదా, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) అడుగుకూ పెడితే? లాభం లేదు. గుండ్రటి బంతి వెనక ప్రవాహం తొందరగా విడిపోయి సుడులు తిరుగుతుంది, బంతిని పట్టి లాగేది ప్రధానంగా అదే. గుంటలు ఒంటికి ఆనుకున్న గాలిని కలియబెట్టి ఆ విడిపోవడాన్ని వెనక్కి జరుపుతాయి. సన్నగా పొడవుగా ఉన్న కయాక్‌కు ఆ బాధ తక్కువ. ఈ వేగాల్లో దాన్ని ఎక్కువగా ఆపేది అడుగును రాసుకుపోయే నీటి ఒరిపిడే.

ముందు లెక్క చూసుకోండి. పొడవు 5 మీటర్లు, వేగం సెకనుకు 2 మీటర్లు, నీరు 30 డిగ్రీలు అనుకుందాం. రెనాల్డ్స్ సంఖ్య (పొడవును వేగంతో గుణించి నీటి స్నిగ్ధతతో, అంటే జిగటదనంతో, భాగిస్తే వచ్చేది) 1.25 కోట్లు, దాన్నిబట్టి వచ్చే ఒరిపిడి గుణకం సుమారు 0.0029. గుణకంలో సగానికి వర్గమూలం తీసి వేగంతో గుణిస్తే 0.076 వస్తుంది. నీటి స్నిగ్ధతను (సెకనుకు 0.8 చదరపు మిల్లీమీటర్లు) దానితో భాగిస్తే సుమారు 0.01 మి.మీ. ఇదే మన కొలబద్ద. గరుకు దీనికి 5 రెట్లు, అంటే 0.05 మి.మీ. దాటనంతవరకు నీటికి అద్దమైనా అదైనా ఒకటే. 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) సగటు రేణువు 0.035 మి.మీ. మించదు కాబట్టి అక్కడితో ఆగవచ్చు. 2000 వరకు రుద్దితే మెరుపు వస్తుంది, వేగం రాదు.

పేపర్ విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పెయింట్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. మొదట పాచి పూర్తిగా కడగండి. పలచని జిగురు పొర ఉన్నా మిగతా శ్రమంతా వృథా. లోతు గీతల్లో జెల్‌కోట్ (ఫైబర్ పడవకు పైన ఉండే నునుపు రెసిన్ పూత) ఫిల్లర్ నింపి ఆరనివ్వండి. గరుకుగా తగిలిన చోట్ల మాత్రం 320, ఆ తర్వాత అంతటా 400. పేపర్‌ను చదునైన రబ్బరు దిమ్మకు చుట్టి, నీళ్లు పోస్తూ, ముక్కు నుంచి తోక వైపుగా రుద్దండి. వట్టి వేళ్లతో నొక్కితే పల్లాలు పడతాయి. జెల్‌కోట్ మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది, కింద ఫైబర్ పోగులు కనబడ్డాయంటే లోపలికి నీరు దిగుతుంది. మైనం పూస్తే నీటిబొట్లు ముత్యాల్లా జారతాయి గానీ, మునిగిన అడుగుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక షార్క్ చర్మం మాదిరి సన్నగాడుల ఫిల్మ్. 1987 అమెరికాస్ కప్ తెరచాప పడవల పందెంలో స్టార్స్ అండ్ స్ట్రైప్స్ పడవ దీన్ని వాడింది. ప్రయోగశాలలో ఒరిపిడి తగ్గుదల మహా అయితే 8-10 శాతం. గాడికీ గాడికీ మధ్య కొలబద్దకు 15 రెట్లు, అంటే మన వేగానికి 0.16 మి.మీ., లోతు అందులో సగం ఉండాలి. అదే ఫిల్మ్‌తో వేగం రెట్టింపు చేస్తే లాభం సున్నాకు వస్తుంది, ఇంకా పెంచితే ఎదురు నష్టం. గాడులు ప్రవాహానికి 30 డిగ్రీలు అడ్డం తిరిగినా లాభం ఉండదు. పైగా బురదనీటిలో ఆ గాడులు పూడుకుపోతాయి. పందెం లేకపోతే దీని జోలికి వెళ్లవద్దు.

ఈ పనులకు ముందూ తర్వాతా తేడా చూడాలంటే తాడుకు 5 కిలోల స్ప్రింగ్ కాటా పెట్టి కయాక్‌ను మరో పడవతో లాగించండి. 2 చదరపు మీటర్ల తడి ఉపరితలానికి ఒరిపిడి సుమారు 1.2 కిలోలు, కాటా చూపే అంకెలో అలల నిరోధం కూడా కలిసి ఉంటుంది. తాడు 15 మీటర్లకు తగ్గకూడదు, కయాక్ ప్రొపెల్లర్ నురగలో పడకుండా పక్కకు ఉండాలి. ఫోన్ జీపీఎస్ చెప్పేది నేల మీది వేగం, నీటిలో వేగం కాదు. అందుకే బందరు కాలువలో ఒకవైపే లాగి తీసిన అంకె పనికిరాదు. ప్రకాశం బ్యారేజీ గేట్లు మూసి ఉన్నప్పుడు, ఎగువన, గాలి లేని ఉదయం, రెండు దిక్కులా లాగి సగటు తీయండి. కాటా ముల్లు 50 గ్రాములు అటూఇటూ ఊగుతూనే ఉంటుంది కాబట్టి పాచి కడిగిన తేడా తెలుస్తుంది, ఫిల్మ్ తేడా తెలియకపోవచ్చు.