వీడియోలతో బతుకుతెరువు – 4వ పాఠం: సబ్‌స్క్రైబర్లు ఎవరి ఖాతాలో ఉన్నారు?

పోయిన పాఠంలో ఆర్‌పీఎం చూశాం. యూట్యూబ్ తన వాటా తీసుకున్నాక, వెయ్యి వ్యూస్‌కి మన చేతికొచ్చే డబ్బు అది. మామూలు వీడియోల మీద వచ్చే యాడ్స్ డబ్బులో మన వాటా 55 శాతం. ఆ లెక్కతో ఈసారి మళ్లీ పని పడుతుంది, కాగితం దగ్గర పెట్టుకోండి.

ముందు 2020 జూన్ 29 గుర్తు చేసుకుందాం. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది, అందులో టిక్‌టాక్ ఒకటి. పొలం గట్టు మీదో వంటింట్లోనో ఫోన్ నిలబెట్టి లక్షల మందిని సంపాదించుకున్నవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. చూసేవాళ్లు ఎక్కడికీ పోలేదు. అవే ఊళ్లు, అవే ఫోన్లు. కానీ "నేను ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను" అని వాళ్లకు చెప్పే దారే లేదు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. అక్కడ మళ్లీ సున్నా నుంచే.

కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం చూశారా? పేరు, ఫోన్ నంబరు, బాకీ అన్నీ అందులో ఉంటాయి. కొట్టు పక్క వీధికి మారిస్తే ఆయన ఫోన్ చేసి చెప్పుకోగలడు. మన సబ్‌స్క్రైబర్ల పేర్లు మాత్రం వేరేవాళ్ల పుస్తకంలో ఉన్నాయి.

ఇప్పుడు లెక్క. పచ్చళ్ల వీడియోలు చేసే ఒకావిడ ఉందనుకుందాం. ఒక వీడియోకి 50,000 వ్యూస్, ఆర్‌పీఎం 30 రూపాయలు. అంటే 1,500 రూపాయలు. అదే ఆవిడ దగ్గర 200 మంది నంబర్లు ఉండి, అందులో 20 మంది తలా ఒక సీసా ఆవకాయ కొని, సీసాకి 150 మిగిలితే 3,000. (అమ్మేటట్టయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు, దాన్ని వాయిదా వేయకండి.) ఈ అంకెలు నేను అనుకున్నవే, మీవి వేసుకుని చూడండి.

మరి పుస్తకం ఎలా మొదలుపెట్టాలి? చాలామంది వెంటనే వాట్సాప్ చానెల్ పెట్టేస్తారు. నాకది సగం పనే అనిపిస్తుంది. చానెల్‌లో చేరినవాళ్ల నంబర్లు మీ కాంటాక్ట్స్‌లో లేకపోతే మీకు కనపడవు, అదీ అద్దె కొంపే. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ నయం, కాకపోతే ఒక లిస్ట్‌లో 256 మందే పడతారు, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. రాసేవాళ్లకైతే ఈమెయిల్ మేలు. మన రాతల్ని పాఠకులకు ఈమెయిల్‌లో పంపే సైటు సబ్‌స్టాక్‌లో డబ్బు కట్టే పాఠకులుంటే 10 శాతం వాళ్లు తీసుకుంటారు, కార్డు ఖర్చులు వేరే. కానీ ఈమెయిల్ జాబితా ఎప్పుడైనా దింపుకుని వేరేచోటికి పోవచ్చు.

నంబరు ఊరికే ఎవరూ ఇవ్వరు. కొలతలతో రాసిన ఆవకాయ కాగితం పంపుతానంటే ఇస్తారు. ఇచ్చినవాళ్లకు రోజూ గుడ్ మార్నింగ్ పూలు పంపారో, బ్లాక్ చేస్తారు. చానెల్ బాగా నడుస్తున్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదా.

ఇంటి పని: రేపు పొద్దున మీ చానెల్ మాయమైతే, ఎంతమందికి మీరే కబురు పెట్టగలరో లెక్కపెట్టి ఆ అంకె రాసి పెట్టుకోండి. స్పాన్సర్‌తో రేటు మాట్లాడటం వచ్చే పాఠంలో. అక్కడ ఈ అంకె అడుగుతాను.