సాలీళ్ళ అధ్యయనం – 4వ పాఠం: రెండు ఆవాసాలను పోల్చడం

కళ్ళ అమరికనూ గూటి తీరునూ బట్టి సాలీడు ఏ కుటుంబానికి చెందినదో గుర్తించడం కిందటి పాఠంలో నేర్చుకున్నాము. విజయవాడకు వాయవ్యాన ఉన్న కొండపల్లి కొండల్లోని ఆకురాల్చే అడవిలోనూ, గుంటూరు వైపు కొండవీటి కొండల ముళ్ళపొదల్లోనూ సాలీళ్ళ వైవిధ్యం ఎక్కడ ఎక్కువో తేల్చే పద్ధతిని ఈసారి చూద్దాం.

గూడు అల్లే సాలీడుకు దారం కట్టుకోవడానికి కొమ్మలు కావాలి. తోడేలు సాలీడుకు గూటితో పని లేదు, నేల మీద పరుగెత్తి వేటాడుతుంది. వెనుక రెండు తోకల్లాంటి పొడవైన దారపు అవయవాలున్న సాలీడు బెరడుకు అతుక్కుపోయి, పక్కనే నిలబడినా కనిపించదు. కాబట్టి రాలిన ఆకులు, పొదలు, మానులు, కొమ్మలు అన్నీ ఉన్న అడవిలో సాధారణంగా ఎక్కువ రకాలకు చోటుంటుంది.

రెండు చోట్లా వెతికే శ్రమ సమానంగా ఉండాలి. ఒకే రుతువులో, ఒకే వేళలో గంటసేపు వెతకండి: కొంతసేపు మోకాలికి పైన, కొంతసేపు కింద, మిగతా సమయం తిరగేసిన గొడుగును కొమ్మ కింద పట్టి కర్రతో దులుపుతూ. పిల్ల సాలీళ్ళ జాతిని తేల్చడం కష్టం కనుక వాటిని విడిగా రాయండి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళకండి.

ఇప్పుడు లెక్క. ఒక చోట ఐదు రకాలు, 16, 1, 1, 1, 1 చొప్పున 20 సాలీళ్ళు దొరికాయనుకుందాం; మరో చోట అవే ఐదు రకాలు నాలుగేసి చొప్పున దొరికాయి. రకాల సంఖ్య ఒకటే అయినా రెండూ సమానం కావని చూడగానే తెలుస్తుంది. ప్రతి రకం సంఖ్యను మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, అన్నింటినీ కూడి, 1 నుంచి తీసివేస్తే వైవిధ్యాన్ని కొలిచే సింప్సన్ సూచిక వస్తుంది (అది ఎంత ఎక్కువైతే వైవిధ్యం అంత ఎక్కువ): మొదటి చోట 0.35, రెండో చోట 0.80.

ముళ్ళపొదల్లో ఒక చిక్కు ఎదురుకావచ్చు, దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. సాలీళ్ళలో చాలా అరుదైన సంఘజీవి, స్టెగోడిఫస్ సారసినోరం, మన పొడి నేలల్లో కనిపిస్తుంది. కొమ్మల మధ్య ఒకే గూట్లో పదులు, ఒక్కోసారి వందల సంఖ్యలో ఉండి, చిక్కిన పురుగును కలిసి లాక్కుపోతాయి. అలాంటి ఒక్క గూడు లెక్కలో చేరితే సూచిక కుప్పకూలుతుంది. అందుకే దాన్ని కలిపి ఒకసారి, వదిలి ఒకసారి లెక్కించి, రెండు ఫలితాలనూ నమోదు చేయండి.

అభ్యాసం: 10, 5, 3, 1, 1 సంఖ్యలకు సూచిక కట్టండి, 0.66 రావాలి.